శాలువాలు వద్దు, కోర్టు కావాలి: మా కాలేజీ పాలకవర్గానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కళాశాల పాలకవర్గ సభ్యులకు, ప్రిన్సిపాల్ గారికి, పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలకు,

నమస్కారం.

రాబోయే ఉత్సవాల్లో పాత బాస్కెట్‌బాల్ జట్టుకి సన్మానం చేస్తారని తెలిసింది. శాలువాలు, జ్ఞాపికలు, స్టేజీ మీద గ్రూప్ ఫోటో, మెయిన్ బిల్డింగ్ ముందు ఆ జట్టు పేర్లతో ఒక నల్లరాతి ఫలకం. ఆ మాట విని చాలామందిమి సంతోషించాం. ఆ వారంలోనే ఇంకో కబురు వచ్చింది. ఆ జట్టు ఆడిన పాత కోర్టు ఉన్న జాగాని చదును చేసి కాలేజీ బస్సులకి షెడ్డు వేస్తారట. ఈ రెండూ ఒకే మీటింగులో తీర్మానమయ్యాయని విన్నాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు మేమెవరమో చెప్పాలి. మేం ఆ జట్టులో ఆడినవాళ్లం కాదు, కోర్టు చుట్టూ నిలబడి చూసినవాళ్లం. మాలో బట్టల కొట్టు నడిపేవాళ్లున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు, వరి చేలని చేపల చెరువులు చేసుకున్న రైతులున్నారు. పెళ్లయి వెళ్లిపోయి, ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు పదకొండో నంబరు జెర్సీ ఆటగాడు ఎలా ఉన్నాడని అడిగే ఆడవాళ్లున్నారు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడి, సంక్రాంతికి ఊరొస్తే కాలువ గట్టు మీద చేరి ఆ మ్యాచ్‌లన్నీ మొదటి నుంచి చెప్పుకునేవాళ్లున్నారు. సన్మానం చేస్తామంటే ఆటగాళ్లు మొహమాటానికి ఏమీ అనలేరు. ఆ మొహమాటం మాకు లేదు కాబట్టి మేం అడుగుతున్నాం.

ఎనభైల్లో మన చుట్టుపక్కల పల్లెల్లో కుర్రాళ్లు కబడ్డీ, వాలీబాల్ ఆడేవారు. రెండు వెదురు గడలు పాతి నెట్ కడితే వాలీబాల్ మొదలైపోతుంది. బాస్కెట్‌బాల్ అలా కుదరదు. స్తంభాలు కావాలి, బోర్డులు కావాలి, నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో కదలకుండా నిలిచే రింగు కావాలి. అవన్నీ ఉన్న చోటు మాకు తెలిసి ఈ చుట్టుపక్కల మన కాలేజీ ఒక్కటే. రింగు అనేదాన్ని మన కాంపౌండులో మొదటిసారి చూసిన పిల్లలు రెండు మూడేళ్లు తిరిగేసరికి విశాఖలోని వాల్తేరు వెళ్లి ఆంధ్రా యూనివర్సిటీ అంతర్ కళాశాలల పోటీలు ఆడి వచ్చేవారు. ఈ గోదావరి జిల్లాల కాలేజీలన్నీ అప్పట్లో ఆ యూనివర్సిటీ కిందే ఉండేవి. శ్రీకాకుళం వైపు జట్లు, విశాఖ జట్లు, కాకినాడ, రాజమండ్రి జట్లు, అందరినీ దాటాలి. అక్కడ బాగా ఆడినవాళ్లని యూనివర్సిటీ జట్టులోకి తీసుకునేవారు, ఆ జట్టు దక్షిణ మండలం పోటీలకి వెళ్లేది. మన కాలేజీ నుంచి ఎవరో ఒకరు ఆ జట్టులో లేని సంవత్సరం అంటూ ఆ రోజుల్లో మాకు గుర్తు లేదు.

మన కోర్టు మట్టిది. వేసవి చివర్లో గ్రావెల్ పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పేవారు. వానలు తగ్గాక మళ్లీ తిప్పేవారు. మ్యాచ్ రోజు పొద్దున్నే సున్నంతో గీతలు. ఎంత తొక్కించినా బంతి ఒక్కో చోట ఒక్కోలా లేచేది. ఎడమ పక్క ఫ్రీ త్రో గీత దగ్గర ఒక మెత్తటి చోటుండేది, అక్కడ కొట్టిన బంతి మోకాలి దాకా కూడా వచ్చేది కాదు. అలాంటి నేల మీద డ్రిబ్లింగ్‌ని, అంటే బంతిని నేలకి కొట్టుకుంటూ వెళ్లడాన్ని, నమ్ముకుంటే పని జరగదని ఆటలు నేర్పే పీడీ మాస్టారు మొదట్లోనే తేల్చేశారు. ప్రాక్టీసులో ఎవరైనా బంతిని రెండు సార్ల కంటే ఎక్కువ కొడితే విజిల్ వేసి ఆట ఆపేసేవారు. పాస్ ఇవ్వాలి, ఇచ్చి కదలాలి, ఖాళీలోకి వెళ్లి మళ్లీ తీసుకోవాలి. అలా తయారైంది మన ఆట. సిమెంటు కోర్టుల మీద నేర్చుకున్న జట్లు మన దగ్గరికొచ్చి ఇబ్బంది పడ్డాయంటే అర్థం ఉంది. మనవాళ్లు వాల్తేరు వెళ్లి ఆ నున్నటి కోర్టుల మీద కూడా గెలిచారంటే కారణం ఆ పాసులే. గాలిలో వెళ్లే బంతికి నేల ఏదైనా ఒకటే కదా.

ఇప్పటివాళ్లకి చెబితే వింతగా వింటారు గానీ, అప్పట్లో జెర్సీల మీద నంబర్లు 4 నుంచి 15 దాకా మాత్రమే ఉండేవి. ఒకటి, రెండు, మూడు వేళ్లు రిఫరీకి పాయింట్లూ ఫ్రీ త్రోలూ చూపించడానికి కావాలి. అందుకని ఆ అంకెలు ఆటగాళ్లకి ఇచ్చేవారు కాదు. పన్నెండు నంబర్లకి పన్నెండు మంది. ఊళ్లో చాలామందికి వాళ్ల పేర్లు తెలియవు, నంబర్లతోనే పిలిచేవాళ్లం. అయిదో నంబరు రాజోలు వైపు నుంచి వచ్చేవాడు. చించినాడ వంతెన రాని రోజులవి, పంటు పడవ ఎక్కి గోదావరి దాటి, ఇవతల బస్సు పట్టుకుని రావాలి. అయినా పొద్దుటి ప్రాక్టీసుకి అందరికంటే ముందు కోర్టు దగ్గర ఉండేవాడు. పొట్టి మనిషి. పాస్ ఎటు ఇస్తాడో అతని కళ్లని బట్టి ఎవరూ చెప్పలేకపోయేవారు. తొమ్మిదో నంబరు కుడి మూల నుంచి షాట్ వేసేవాడు, బోర్డు తగలకుండా బంతి నేరుగా నెట్‌లోకి దిగేది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య 1984లో మూడు పాయింట్ల గీత తెచ్చింది, 6.25 మీటర్ల దూరంలో. దాని అవతలి నుంచి బాస్కెట్ వేస్తే రెండుకి బదులు మూడు పాయింట్లు. ఆ గీత మన సున్నం డబ్బా దాకా రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. అప్పటికి తొమ్మిదో నంబరు డిగ్రీ పూర్తి చేసి వెళ్లిపోయాడు. అతని షాట్లకి మూడేసి లెక్క కడితే అతను ఆడినప్పుడు వాల్తేరులో పోయిన సెమీ ఫైనల్ మనదేనని మాలో సగం మంది వాదన. మిగతా సగం, అవతలి జట్టుకీ అదే లెక్క వర్తిస్తుందిగా అంటారు. ఈ వాదన ఇంతవరకూ తెగలేదు.

పదకొండో నంబరు మన పివోట్, అంటే రింగు దగ్గర నిలబడి ఆడే పెద్ద ఆటగాడు. రైతు బిడ్డ, చేతులు ఎంత పెద్దవంటే తడిసిన తోలు బంతిని ఒంటి చేత్తో పట్టి ఆపేవాడు. స్టోర్ రూమ్ దూలానికి ఎప్పుడూ ఒక అరటి గెల వేలాడుతుండేది. రావులపాలెం మార్కెట్‌కి కాయ తోలే వ్యాపారి ఒకాయన వారానికోసారి దింపి వెళ్లేవారు. ఆయన కొడుకులెవరూ మన కాలేజీలో చదవలేదు, ఆయనకి ఆటంటే ఇష్టం, అంతే. ప్రాక్టీసు అవగానే పన్నెండు మందీ ఆ గెల కింద చేరేవారు.

సంక్రాంతి వెళ్లిన వారం మన టోర్నమెంటు. కోతలైపోయి చేతిలో నాలుగు డబ్బులుంటాయి, బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇంకా తిరిగి వెళ్లరు. బియ్యం మిల్లుల వాళ్లు, కొబ్బరి వ్యాపారులు కలిసి ఫ్లడ్ లైట్లు పెట్టించేవారు. పండక్కి వచ్చిన కొత్త అల్లుళ్లని బావమరుదులు వెంటబెట్టుకుని తెచ్చేవారు. గ్యాలరీ లేదు. ముందు వరసలో పిల్లలు నేల మీద కూర్చునేవారు, వెనక పెద్దవాళ్లు, వాళ్ల వెనక సైకిళ్ల క్యారేజీల మీద నిలబడ్డ కుర్రాళ్లు, గోడ మీద ఇంకొందరు. ఆడపిల్లలు కెమిస్ట్రీ ల్యాబ్ వరండాలోంచి చూసేవారు. స్కోరు బ్లాక్‌బోర్డు మీద సుద్దతో రాసేవారు. ఇరవై నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు. ముప్పై సెకన్లలో షాట్ వేయాలన్న నిబంధనకి గడియారం లేదు. స్టాప్‌వాచ్ పట్టుకున్నాయన చివరి అయిదు సెకన్లూ గట్టిగా లెక్కపెట్టేవారు, ఆయనతో పాటు జనమంతా లెక్కపెట్టేది. అవతలి జట్టు గుండెలు దడదడలాడటానికి ఆ అయిదు అంకెలు చాలు.

ఊళ్లో ఎవర్ని కదిపినా చెప్పే మ్యాచ్ ఒకటుంది. స్కోరు ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు కాబట్టి ఆ జోలికి వెళ్లను. కాకినాడ నుంచి వచ్చిన జట్టుతో ఫైనల్. వాళ్ల పివోట్ మనవాడి కంటే జానెడు పొడుగు. రెండో హాఫ్ సగం గడిచేసరికి మన పదకొండో నంబరుకి నాలుగు ఫౌళ్లు. ఇంకొకటి పడితే బయటికి పోవాల్సిందే. మాస్టారు టైమ్ అవుట్ తీసుకుని, ఒక్కొక్కరు ఒక్కో ఆటగాణ్ని కాచే మ్యాన్ టు మ్యాన్ ఆపి, ఒక్కొక్కరు ఒక్కో చోటుని కాచే జోన్ డిఫెన్స్‌కి మార్చారు. అయినా అయిదోది పడింది. అది ఫౌలే కాదని మావైపు నుంచి ఒకటే గోల. కొందరు గీత దాటి కోర్టులోకి కూడా వెళ్లారు. పదకొండో నంబరు మాత్రం విజిల్ వినగానే స్కోరర్ టేబుల్ వైపు తిరిగి చెయ్యెత్తాడు. ఫౌల్ పడినవాడు చెయ్యెత్తి ఒప్పుకుని తీరాలని మాస్టారి పట్టు, అందులో మినహాయింపు లేదు. అతని చెయ్యి చూశాక మాకు అరవడానికి ఏమీ మిగల్లేదు. మొదట చప్పట్లు కొట్టింది కాకినాడ నుంచి వచ్చిన కుర్రాళ్లు.

అతని బదులు పద్నాలుగో నంబరు దిగాడు. అప్పటిదాకా అతను పెద్ద మ్యాచ్‌లో నిమిషమో రెండు నిమిషాలో తప్ప ఆడగా మేం చూడలేదు. ఇంక అయిపోయిందనుకున్నాం. అతను ఒక్క బాస్కెట్ కూడా వేయలేదు. వేయాలని చూడనూ లేదు. షాట్ పైకి లేచిన ప్రతిసారీ అవతలి పొడుగాయనకి వీపు ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, బోర్డు కిందికి రానివ్వకుండా అడ్డంగా నిలబడిపోయాడు. షాట్ తప్పి తిరిగొచ్చే బంతి, అదే రీబౌండ్, అతని చేతికి వచ్చింది తక్కువే. అవతలివాడి చేతికి మాత్రం పోలేదు, పక్క నుంచి ఎగిరిన ఏడో నంబరుకి దొరికింది. అక్కడి నుంచి అయిదో నంబరుకి, అటు చూడకుండానే అతను తొమ్మిదికి, మధ్యలో ఒక్క డ్రిబుల్ లేకుండా రింగు దగ్గరికి వెళ్లి వేసే లే-అప్. మళ్లీ అదే, మళ్లీ అదే. గెలిచాం.

మీలో కొందరు ఆ సాయంత్రం మా పక్కనే నిలబడ్డారు, ఇదంతా మీకు తెలియనిది కాదు. అయినా ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ పద్నాలుగో నంబరే. అతను ఆ రోజు ఏదో మహత్యం జరిగి అలా ఆడలేదు. ఏడాది పొడుగునా పొద్దున్నే పదకొండో నంబరుని అడ్డుకోవడమే అతని పని. తనకంటే బలమైనవాడిని రోజూ ఆపి ఆపి, ఎక్కడ నిలబడాలో కాళ్లకి తెలిసిపోయింది. మైదానంలో అయిదుగురు ఆడతారు. మిగిలిన ఏడుగురికీ అదే ప్రాక్టీసు, అదే అరటిపండు, అదే తిట్లు. అందుకే అది జట్టు అయింది.

ఆ రోజుల గురించి మాట్లాడుకున్నప్పుడు, అలాంటి కుర్రాళ్లు ఇప్పుడెక్కడున్నారండీ అని ఎవరో ఒకరు అంటారు. మీ సన్మానం ఆలోచన వెనక కూడా ఆ మాటే ఉందని నా అనుమానం. అయిపోయిన అదృష్టానికి దండ వేసి దండం పెట్టుకుందామని. మేం దానికి ఒప్పుకోం. కుర్రాళ్లు అప్పుడూ ఇప్పుడూ అవే ఊళ్ల నుంచి వస్తున్నారు. మా కళ్లకి ఇప్పటి పిల్లలే పొడుగ్గా కనిపిస్తున్నారు. పోయింది కుర్రాళ్లు కాదు, వాళ్లని అలా తయారు చేసిన ఏర్పాటు. అందులో ప్రతి భాగమూ మనుషులు చేసిందే కాబట్టి మళ్లీ చేయొచ్చు.

ఆ ఏర్పాటులో అన్నిటికంటే ముఖ్యమైనది అయిదేళ్ల కాలం. అప్పుడు ఇంటర్మీడియట్, డిగ్రీ ఒకే కాంపౌండులో ఉండేవి. పదిహేనేళ్లకి చేరిన పిల్లాడు ఇరవై దాటేదాకా అదే కోర్టు మీద ఉండేవాడు. మొదటి రెండేళ్లు బంతులు అందిస్తూ, గీతలు గీస్తూ చూసేవాడు. మూడో ఏడు బెంచీ మీదికి వచ్చేవాడు. చివరి రెండేళ్లు ఆడుతూ కింది వాళ్లకి నేర్పేవాడు. మాస్టారు ఒక్కరే, కానీ నేర్పేవాళ్లు పది మంది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఆ తర్వాత పదేళ్లలో ఇంటర్ పిల్లలు ఒక్కొక్కరే రెసిడెన్షియల్ కాలేజీల దారి పట్టారు. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా స్టడీ అవర్లు, ఆడుకోవడానికి మేడ మీద నీళ్ల ట్యాంకుల మధ్య జాగా. ఆ రెండేళ్లూ గడిపి డిగ్రీకి వచ్చేసరికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి. అంతవరకూ బంతి ముట్టుకోని పిల్లాడు మూడేళ్లలో ఎంత నేర్చుకున్నా, నేర్చుకునేసరికి వెళ్లిపోయే రోజు వస్తుంది. తల్లిదండ్రుల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మా పిల్లల్నీ మేం అలాగే పంపాం, అప్పటి పరిస్థితి అది. కానీ జట్టు ఎందుకు పోయిందంటే కారణం ఇదని తెలిసి ఉండాలి. తెలిస్తేనే ఏం చేయాలో తోస్తుంది.

తర్వాతవి త్వరగా చెబుతాను. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసిన రాత్రి ఇక్కడ మన తూర్పు బోర్డు కూడా ఒరిగిపోయింది. తిరిగి నిలబెట్టారు గానీ అప్పటి నుంచి రింగు ఒక పక్కకి వాలే ఉండేది. మాస్టారు రిటైరయ్యారు, ఆ పోస్టు భర్తీ కాలేదు. ఒక లెక్చరర్ గారికి అదనపు బాధ్యతగా అప్పగించారు. ఆయన మంచివారే, కానీ ఆయన సబ్జెక్టు వేరు. జనవరి టోర్నమెంటు ఒక ఏడాది వాయిదా పడి, వాయిదాగానే మిగిలిపోయింది. గేమ్స్ ఫీజు మాత్రం ప్రతి ఏడాదీ ప్రతి విద్యార్థీ కడుతూనే ఉన్నాడు.

ఇక సిమెంటు కోర్టు సంగతి. అది కూడా ప్రయత్నించాం, పగిలిపోయింది, మన నేలకి పడదు అని మీలో ఒకరు అన్నట్టు విన్నాం. పగిలిన మాట నిజమే. ఎందుకు పగిలిందో మాలో సివిల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరైనాయన వెళ్లి చూసి వచ్చారు. మన డెల్టా నేల ఒండ్రు బంకమట్టి. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి ఎండలు ముదిరాక బీటలిస్తుంది. అలాంటి మట్టి మీద నేరుగా కాంక్రీటు పోస్తే రెండు వేసవులు కూడా నిలవదు. ముందు పైనున్న బంకమట్టిని తవ్వి తీసేయాలి. ఆ గోతిలో ఇసుక, మెట్ట నుంచి తెచ్చిన గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొరనీ తడిపి రోలర్‌తో తొక్కించాలి. చుట్టుపక్కల నేల కంటే కోర్టు ఎత్తుగా ఉండాలి, వాన నీరు నిలవకుండా కొంచెం వాలు ఉండాలి, చుట్టూ డ్రెయిన్ ఉండాలి. కాంక్రీటు ఒకే పలకగా పోయకుండా మధ్యలో జాయింట్లు ఇవ్వాలి. ఈ నేల మీద మూడంతస్తుల బిల్డింగులు కడుతున్నాం. ఆటస్థలం దగ్గరికి వచ్చేసరికి నేల మీద నెపం పెట్టడం సరికాదు.

ఎంత జాగా కావాలో కూడా లెక్క చూశాం. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. చుట్టూ రెండేసి మీటర్లు ఖాళీ వదలాలి. మొత్తం 608 చదరపు మీటర్లు. మన లెక్కలో పదిహేను సెంట్లు. ఎకరాల కాంపౌండులో పదిహేను సెంట్లు ఆటకి ఉంచలేమా? అదీ ఒకేసారి కుదరదంటే సగం కోర్టుతో మొదలుపెట్టండి. ముగ్గురు ముగ్గురు ఆడే 3x3 ఆట టోక్యో ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్ క్రీడ అయింది. దానికి ఒక్క రింగు, 15 మీటర్లకి 11 మీటర్ల జాగా చాలు. అంటే నాలుగు సెంట్ల పైచిలుకు. పది నిమిషాల ఆట, ముందు 21 పాయింట్లు వచ్చినవాళ్లు గెలిచినట్టు. పన్నెండు మంది దొరకని చోట నలుగురితో జట్టు కట్టొచ్చు. బాస్కెట్‌బాల్ పోయిందనుకున్న మనలాంటి ఊళ్లకి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

కోర్టు వేసినంత మాత్రాన సరిపోదని మాకు తెలుసు. నేర్పే మనిషి కావాలి. పూర్తి పోస్టు మంజూరు మీ ఒక్కరి చేతిలో లేదనీ తెలుసు. అది వచ్చేదాకా వ్యాయామ విద్యలో డిగ్రీ చేసి, బాస్కెట్‌బాల్ ఆడిన యువకుణ్నో యువతినో కాంట్రాక్టు మీద పెట్టుకోండి. జీతంలో కొంత భాగం మొదటి మూడేళ్లు మేం భరిస్తాం. ఈ మాట నోటితో కాదు, కాగితం మీద రాసిస్తాం.

సాయంత్రం గేటు తెరవండి. ఇది మా అన్ని కోరికల్లోకీ ముఖ్యమైనది. అయిదేళ్ల కాలం పోయిందని పైన చెప్పాను. ఇంటర్ పిల్లల్ని మనం వెనక్కి తేలేం. కానీ ఊళ్లో హైస్కూలు పిల్లలు ఇక్కడే ఉన్నారు, ఆరో తరగతి నుంచి పది దాకా అయిదేళ్లు. సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా వాళ్లని కోర్టు మీదికి రానివ్వండి. పన్నెండేళ్ల పిల్లలకి చిన్న బంతి ఇచ్చి, కాస్త కిందికి దించిన రింగు పెడితే చాలు. వాళ్లలో కొందరు డిగ్రీకి మన దగ్గరే చేరతారు. అప్పటికి వాళ్ల చేతులకి బంతి బాగా అలవాటై ఉంటుంది. బయటి పిల్లలొస్తే కాంపౌండులో సామాన్లు పోతాయని భయమంటే, మాలో రిటైరైనవాళ్లం రోజుకి ఇద్దరం చొప్పున వంతులు వేసుకుని అక్కడ కూర్చుంటాం. ఎలాగూ సాయంత్రాలు కాలువ గట్టు మీద కూర్చునేవాళ్లమే.

ఆడపిల్లల జట్టు గురించి ప్రత్యేకంగా రాయాలి. ఈ ఉత్తరం తయారు చేస్తున్నప్పుడు ఒక అక్కయ్య అన్న మాట నన్ను వదలడం లేదు. ఆ ల్యాబ్ వరండాలో నిలబడి చూసినవాళ్లలో ఆవిడ ఒకరు. ప్రతి మ్యాచ్ చూశారు, జోన్ డిఫెన్స్ ఎప్పుడు పెట్టాలో మాకంటే ముందే చెప్పేవారు. ఒక్కసారైనా ఆ బంతి చేత్తో పట్టుకుని చూడలేదని ఆవిడ అన్నారు. ఇప్పుడు మన కాలేజీ తరగతి గదుల్లోకి తొంగి చూస్తే ఆడపిల్లలే ఎక్కువ కనిపిస్తారు. సైకిళ్ల మీద, స్కూటీల మీద వాళ్లే వస్తున్నారు. వాళ్లకి సరిపడే కాస్త చిన్న సైజు, 6వ నంబరు బంతులు వేరే ఉంటాయి, అవి ముందు కొనండి. కోర్టు కాలపట్టిక వేసేటప్పుడు వాళ్ల సమయం మగపిల్లలకి మిగిలింది ఇచ్చినట్టు కాకుండా సమానంగా వేయండి. కొత్త జట్టు ఏది ముందు తయారవుతుందని అడిగితే ఆడపిల్లలదే అని నా నమ్మకం.

చదువు పాడవుతుందనే తల్లిదండ్రులకి చెప్పడానికి మన దగ్గర మంచి జవాబుంది. ఆ పన్నెండు మందిలో ఆటతోనే రైల్వేలో చేరినవాళ్లున్నారు, పోలీసు శాఖలో చేరినవాళ్లున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఆ కోటా అందుకోవాలంటే ఏదో ఒక స్థాయిలో ఆడిన సర్టిఫికెట్ కావాలి. జట్టే లేని కాలేజీ నుంచి ఆ సర్టిఫికెట్ ఎలా వస్తుంది? 2006లో ఆదికవి నన్నయ యూనివర్సిటీ వచ్చాక పోటీలకి వాల్తేరు దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు. రాజమండ్రి మనకి ఎంత దూరం?

సన్మానం విషయానికి మళ్లీ వస్తాను. పాత ఆటగాళ్లలో కొందరితో మాట్లాడాకే ఇది రాస్తున్నాం. వాళ్ల మీద గౌరవంతో మీరు తలపెట్టిన పనిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ కోర్టు పీకేసి, కోర్టు మీద ఆడినవాళ్లకి దండ వేస్తే ఆ దండ వాళ్ల మెడ మీద బరువే అవుతుంది. ఫలకానికీ, స్టేజీకీ, భోజనాలకీ అనుకున్న డబ్బుని కోర్టు పునాదికి మళ్లించండి. ఉత్సవాల రోజు పాత జట్టుని పిలవండి, తప్పకుండా పిలవండి. స్టేజీ మీదికి కాదు, కొత్త కోర్టు మీదికి. అయిదో నంబరు మొదటి పాస్ ఇస్తాడు. పద్నాలుగో నంబరు కూడా వస్తానన్నాడు. ఊరు మొత్తం చూడటానికి వస్తుంది, ఆ పూచీ మాది.

బస్సుల షెడ్డు అవసరమే, కాదనం. పిల్లలు దూరాల నుంచి వస్తున్నారు, బస్సులు ఎండకి ఎండి వానకి తడుస్తున్నాయి. ఉత్తరం గోడ వెంబడి, పాత సైకిల్ స్టాండ్ పడిపోయిన చోట, అంతకంటే పెద్ద జాగా ఉంది. రోడ్డు గేటు కూడా అటే దగ్గర. మా ఇంజినీరు గారు కొలతలు తీసి షెడ్డుకీ కోర్టుకీ కలిపి ఒక ప్లాను గీశారు. అంచనా ఖర్చుతో సహా దాన్ని ఈ ఉత్తరంతో పాటు ఆఫీసులో ఇచ్చాం. వచ్చే పాలకవర్గ సమావేశానికి మాలో ఇద్దరిని పిలిచి మాట్లాడే అవకాశం ఇవ్వండి. చందాల జాబితా, కాంట్రాక్టు కోచ్ జీతానికి మా హామీ పత్రం వెంట తెస్తాం. ఆ సమావేశం అయ్యేదాకా పడమటి వైపు మిగిలి ఉన్న ఆ స్తంభాన్నీ రింగునీ కోయించవద్దని కాంట్రాక్టర్‌కి ఒక్క మాట చెప్పండి.

ఇట్లు,
కోర్టు చుట్టూ నిలబడి చూసిన పాత విద్యార్థులు, ఊరి అభిమానులు